పాదచారుల వంతెన – దాని పథకము, పైకము

నదిని దాటుటకు వంతెన కట్టుట మానవుడు ఏనాడో నేర్చెను. దారిని దాటుటకు వంతెన కట్టవలసివచ్చుట మాత్రము మోటారుబండ్ల కాలమున పుట్టిన అవస్థ. ఊరికిని ఊరికిని నడుమ దూరము తగ్గించుటకై వేసిన రహదారి, ఒకే ఊరిలోని రెండు పేటల నడుమ దూరమును పెంచినది. ఎదుటి పేటలోని బడి కంటికి కనిపించుచుండును. కాలికి మాత్రము అందదు. అట్టి చోట నడచువారికిని, సైకిలు త్రొక్కువారికిని ఒక వంతెన కావలెనన్నచో దానికి పథకమెట్లు వేయుదురు, పైకమెచ్చటనుండి తెత్తురు అను సంగతిని నేడు మేము ముచ్చటింపదలచితిమి.

ఇందుకు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాంతా క్లారా కౌంటీని ఉదాహరణముగా తీసికొందము. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిది. అందలి కూపర్టీనో, సన్నీవేల్ అను పేర్లు మన శ్రోతలలో పెక్కండ్రకు క్రొత్తవి కావు. తెలుగు కుటుంబములు అచట ఎన్నియో స్థిరపడియున్నవి. ఆ రెండూళ్ల సరిహద్దున 280వ నంబరు రహదారి పోవుచున్నది. 1956లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టము వలన దేశమంతట 41,000 మైళ్ల రహదారులకు ఏర్పాటు జరిగినది. వాని వ్యయములో నూటికి తొంబది వంతులు కేంద్రమే భరించెను. పెట్రోలు పన్ను మొదలైన వానిని ఒక ప్రత్యేక నిధిగా కూర్చి, ఆ నిధినుండి సొమ్ము విడుదల చేసిరి. కూపర్టీనో దగ్గర ఈ రహదారి 1960వ దశకమున వెలసినది. ఊరిని చీల్చుటకు కావలసిన సొమ్ము ఒక్క చట్టముతో, ఇంచుమించు ఒక్క ఖజానానుండి వచ్చినదన్నమాట. చీలినదానిని తిరిగి కుట్టుటకు అట్టి చట్టము లేదు, అట్టి ఖజానా లేదు.

కూపర్టీనోలో మేరీ ఎవెన్యూ అను వీధి ఈ రహదారికి ఇరువైపుల తెగి నిలిచిపోయినది. ఉత్తరపు వైపున హోమ్‌స్టెడ్ ఉన్నతపాఠశాల. దక్షిణపు వైపున డి ఆంజా కళాశాల. బడిపిల్లవాడు అవతలికి పోవలెనన్నచో మోటారుబండ్లు క్రిక్కిరిసిన ఇతర వీధులలో చుట్టు తిరిగి పోవలసియుండెను. ఈ చోట 2009 ఏప్రిల్ 30వ తేదీన నడచువారికిని, సైకిళ్లకును వంతెన తెరచిరి. ఎత్తయిన స్తంభములనుండి ఉక్కు తీగలతో వ్రేలాడదీసిన వంతెన అది. మొత్తము పొడవు 503 అడుగులు. నడిమి భాగము 325 అడుగులు. వ్యయము 1 కోటి 48 లక్షల డాలర్లు. దానికి తరువాత ఆ నగర పూర్వపు మేయరు డాన్ బర్నెట్ పేరు పెట్టిరి. రహదారి వచ్చిన నలుబది యేండ్లకు గాని వంతెన రాలేదు. రహదారి పడిననాడు బడికి పోవుచుండిన పిల్లలు, వంతెన తెరచుసరికి తాతలగు వయస్సునకు చేరిరి.

నడచువారి వంతెనకు ఇంత ఖర్చేల అని శ్రోతలు అడుగవచ్చును. వంతెనయనగా మన కన్నులకు రహదారిపై నడ్డముగా కనిపించు భాగమే. లెక్క వేసిచూచిన, కష్టమంతయు ఇరుప్రక్కల నుండు వాలుదారులలో నున్నది. కాలిఫోర్నియాలో ఇట్టి వంతెన అడుగుభాగము రహదారికి పదునెనిమిదిన్నర అడుగుల ఎత్తున నుండవలెనని నియమము. మన జాతీయ రహదారులపై ఐదున్నర మీటర్లు. అనగా రెండును ఇంచుమించు సమానమే. వంతెన మందమునుకూడ కలుపుకొన్నచో నడచు తలము ఇరువది రెండు అడుగుల ఎత్తునకు చేరును. సైకిలువాడు దిగకుండ, చక్రాల కుర్చీలోని వాడు ఒకరి సాయము లేకుండ ఎక్కవలెనన్నచో వాలు ఇరువదింట ఒక వంతు కంటె మించరాదు. ఇరువది రెండును ఇరువదిచే గుణింపుడు: 440 అడుగులు. ఇది ఒక వైపు మాత్రమే. రెండు వైపులకును 880 అడుగులు. రెండు వందల అడుగుల దారిని దాటుటకు దానికి నాలుగింతలకు మించిన వాలుదారి కావలెను. దానికి స్థలమేది? ఇండ్ల పెరళ్ల ప్రక్కగా పోవలెను, లేదా వీధులపైగా పోవలెను, లేదా చుట్టలు చుట్టుకొని ఎక్కవలెను. చుట్టిన వాలుదారిలో మలుపు ముందున్న మనిషి కానరాడు. పన్నెండింట ఒక వంతు వాలు కూడ వారి చట్టమునకు సమ్మతమే. కాని ప్రతి ముప్పది అంగుళముల ఎత్తునకు ఒక సమతలపు మజిలీ, ప్రక్కల చేతికమ్ములు ఉండి తీరవలెను.

వాలుదారి మాని మెట్లు కట్టిన చాల చవుక. మన పట్టణములలో పెక్కుచోట్ల అట్లే కట్టిరి. హైదరాబాదు ఉప్పల్ కూడలిలో 2023 జూనులో తెరచిన ఆకాశమార్గమునకు లిఫ్టులు, కదిలెడు మెట్లు అమర్చిరి. నడచువారికి అది మేలే. కాని పాలబిందెలు తగిలించిన సైకిలును ఇరువది రెండడుగులు భుజముపై మోయగలవాడెవడు? వాడు వంతెన ఎక్కడు. విభాజకముపైగా సైకిలునెత్తి, ప్రాణములకు తెగించి అడ్డముగా దాటును. అటుపిమ్మట, ప్రజలకు వంతెన వాడు క్రమశిక్షణ లేదని పత్రికలలో వ్రాయుదురు. ఆ మాట మాకు రుచింపదు.

ఇక పథకము సంగతి. మొదటి చిక్కు జనసంఖ్యతోనే వచ్చును. ఈ వంతెనను ఎందరు వాడుదురని సొమ్మిచ్చువారు అడుగుదురు. దాటుటకు దారియే లేని చోట దాటువారిని లెక్కించుటెట్లు? పడవ లేని రేవున నిలుచుండి, ఏరు దాటువారెవరును కానరారు గనుక పడవ అక్కరలేదనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. అందుచే ఇరుప్రక్కల బడులెన్ని, కచేరీలెన్ని, ఇప్పుడు చుట్టు తిరుగు దూరమెంత యని చూచి అంచనా వేయవలెను. రహదారి రాష్ట్రప్రభుత్వము వారిది గనుక, దానిపై ఆకాశములో అడుగిడుటకును వారి అనుమతి కావలెను. పరిసరములపై దాని ప్రభావమును విచారించి నివేదిక వ్రాయవలెను. ప్రక్క ఇండ్లవారు తమ పెరళ్లలోనికి చూపులు పడునని అభ్యంతరము చెప్పుదురు; అదియు వినవలసిన మాటయే.

సొమ్మునకు దారులు లేకపోలేదు, అన్నియు చిన్న దారులే. 1991లో వచ్చిన కేంద్ర చట్టము రహదారుల పద్దులలో ఒక దానినుండి నూటికి పదివంతులు ఇట్టి నడకదారులు, సైకిలుదారులు మొదలగు వానికి ప్రత్యేకింపవలెనని శాసించెను. సాధారణముగా కేంద్రము ఎనుబది వంతులిచ్చును, ఇరువది వంతులు ఊరు తెచ్చుకొనవలెను. అదియు ముందుగా చేతికి రాదు. ఊరు మొదట ఖర్చు పెట్టి, లెక్కలు చూపి, పిమ్మట తిరిగి రాబట్టుకొనవలెను. 2016లో ఆ కౌంటీ ఓటర్లు తమపై తామే అర సెంటు అమ్మకపు పన్ను ముప్పది యేండ్లకు విధించుకొని, అందులో 25 కోట్ల డాలర్లు సైకిళ్లకును పాదచారులకును కేటాయించుకొనిరి. అట్టి పన్నునకు మూడింట రెండు వంతుల ఓట్లు కావలెను, వచ్చినవి.

అదే కౌంటీలోని పాలో ఆల్టో నగరపు కథ ఈ సందర్భమున వినదగినది. అచట 101వ నంబరు రహదారికి ఒక వైపు ఇండ్లు, ఒక వైపు కచేరీలును, సముద్రపు పాయ గట్టున గల పెద్ద తోటయు ఉన్నవి. ఆడోబీ వాగు వెంట రహదారి క్రిందుగా ఒక దారి ఉండెడిది. వాగు పొంగు రోజులలో దానిని మూసివేయుదురు. ఇట్లు ఏడాదిలో ఇంచుమించు సగము కాలము మూతపడియుండెడిది. వంతెన సాధ్యమా యని 2011లో పరిశీలన జరిగినది. పిమ్మట నగరమువారు నమూనాలకు పోటీ పెట్టి, న్యాయనిర్ణేతలచే అందమైన నమూనా నొకదానిని ఎంపిక చేయించిరి. వ్యయము తాము అనుకొన్న హద్దు దాటుట చూచి దానిని విడిచి, ఉక్కు కమ్ముల చట్రముతో సాదా వంతెనకు దిగిరి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము 2000లో భవనముల విస్తరణకు అనుమతి పొందినపుడు, ప్రజల విహారసౌకర్యములకై సొమ్ము చెల్లింపవలెనని కౌంటీ షరతు పెట్టియుండెను. ఆ నిధినుండి 40 లక్షల డాలర్లు వంతెనకు వచ్చినవి. గూగుల్ కంపెనీ 10 లక్షలిచ్చెను. దాని కచేరీలు ఆ చాయలనే ఉన్నవి గనుక అది కేవలము దానము కాదు. తక్కినది నగరమును, ఇతర ప్రభుత్వ నిధులును భరించినవి. 2021 నవంబరులో వంతెన తెరచునాటికి మొత్తము రెండు కోట్ల డాలర్లు దాటినది.

ఆ పదియేండ్లలో ఇనుము ధర, కూలి ధర ఊరకుండవు గదా. ఒక నిధి వచ్చువరకు ఆగిన, ఈలోపల ఖర్చు పెరుగును; పెరిగిన ఖర్చునకు మరియొక నిధిని వెదకవలెను; ఆ నిధికి వేరొక గడువు, వేరొక దరఖాస్తు. నమూనా పోటీలో పోయిన కాలమును గూర్చి అచటివారిలో ఇరుపక్షములవారును ఉండిరి. మా మట్టుకు, వ్రేలాడు తీగలతో కూపర్టీనో వంతెన కన్నులపండువుగా నుండుననుటలో సందేహము లేదు గాని, పైకము తక్కువైనపుడు స్తంభముల సొగసును తగ్గింపవచ్చును, వాలుదారి పొడవును తగ్గింపరాదని తోచును.

కట్టుటకు సొమ్మిచ్చు నిధులు ఊడ్చుటకు ఇయ్యవు. గాజుపెంకులు ఏరుటకు, దీపములు మార్చుటకు, క్రిందికి రాళ్లు విసరకుండ కట్టిన కంచెను బాగుచేయుటకు ఏటేట ఖర్చుండును. దానికి ఎవరు పూచీ యన్నది మొదటనే ఒడంబడికలో వ్రాయించుకొనవలెను. ఆ ఖర్చు మాత్రము ఏ కేంద్రమును, ఏ కంపెనీయు పంచుకొనదు. పెక్కుచోట్ల అది నగరపు సొంత పద్దునుండియే పోవుచుండును.