చేతుల కుర్చీ



ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నేను చేతుల్లేని కుర్చీలోనే కూర్చున్నాను. చేతుల కుర్చీ సూపరింటెండెంటుగారిది. ఈ తేడా మన ఆఫీసుల్లో పుట్టింది కాదు. 17వ శతాబ్దపు ఇంగ్లాండు పల్లెల్లో చేతుల కుర్చీ ఇంటి యజమానిది. తక్కినవారు బల్లల మీద, పీటల మీద సర్దుకునేవారు. ఓక్ కర్రతో చేసేవారు. బెజ్జంలో కుసి దూర్చి చెక్క చీల దిగగొట్టడమే. వీపు పలక మీద పువ్వులు, లతలు, ఒక్కోసారి యజమాని పొడి అక్షరాలు, సంవత్సరం కూడా చెక్కేవారు.

మన నగరంలో దొరల సామాను చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మన జల్‌పల్లికి ఎంతో దూరం లేని ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉంది. నాకున్నది మాత్రం ఒకే ఒక్క కుర్చీ. 1981లో జుమ్మెరాత్ బజారులో కొన్నాను. "అసలు ఇంగ్లీషు ఓక్, దొరగారి బంగళాది" అన్నాడు అమ్మినాయన. నలభై ఏళ్ళు ఇంటికొచ్చినవారందరికీ నేనూ అదే చెప్పాను.

కిందటేడు మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అవసరమైంది. మంచి ధర ఇస్తానని ఒకాయన బయలుదేరాడు. ఆయన రాకముందు, మా వీధి వడ్రంగి, నేను కుర్చీని తిరగవేసి చూశాం. అడుగున వంపు తిరిగిన రంపం గీతలున్నాయి. అవి గుండ్రటి మరరంపానివి. 17వ శతాబ్దంలో ఆ రంపం వాడకంలో లేదు. కర్ర ఎండి కుంచించుకుపోతే పాత చీలలు కోలగా మారతాయి. ఇవి గుండ్రంగానే ఉన్నాయి. తరాల పాదాలు ఆని ముందరి అడ్డకర్ర అరగాలి. ఇది అరగలేదు. "టేకండీ, మనవాళ్ళ పనే" అని తేల్చాడు వడ్రంగి.

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లాండులోనే సాదా పాత కుర్చీలకు కొత్తగా నగిషీ చెక్కేవారు. కాబట్టి నగిషీ ఒక్కటే చూసి మోసపోకండి. అడుగు చూడండి.

వచ్చినాయనకు అన్నీ చెప్పేశాను. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. "ఒక్క పూట నోరు మూసుకుంటే ఏం పోయేదండీ?" అంది మా ఆవిడ. జవాబు చెప్పలేకపోయాను. ఫైలులో లేనిది ఉన్నట్టు ఏనాడూ నోటు పెట్టలేదు. డెబ్బై దాటాక ఆ విద్య నేర్వాలంటే చేతకాలేదు.

పిల్లలు తలా కొంత వేసుకుని ఆపరేషన్ చేయించారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఆవిడే కూర్చుంటోంది. లేవడానికి చేతులే ఆసరా అంటోంది. నేను ఎదురుగా, చేతుల్లేని కుర్చీలో.