పొరుగునేలపై తెలుగు నాటకము

(ప్రసంగ పాఠము)



సొంతగడ్డకు దూరమైన వారికి తమ భాషలో ఆడు నాటకము ఒక రాత్రిపాటు ఊరు చేరినట్లుండును. పోలండు దేశీయుల కథయే చూడుడు. రెండవ ప్రపంచ సంగ్రామానంతరము సరిహద్దులు మారి, ల్వోవ్ నగరము సోవియట్ ఉక్రెయినులో చేరిపోయినది. అచట మిగిలిన కొలదిమంది పోలిష్ వారు 1958లో తమ భాషలో ఒక ప్రజానాటకశాలను స్థాపించుకొనిరి. పగలు వేర్వేరు ఉద్యోగములు చేసికొని, సాయంకాలము అభ్యాసమునకు కూడువారే దాని నటులు. దేశము వెలుపలి పోలిష్ నాటకమునకు ఉత్సవములు జరుగుచున్నవన్నచో ఖరగపురపు తెలుగువారికి వింతగా తోచదు. పగలు కర్మాగారము, రాత్రి రంగస్థలము వారెరిగిన బ్రదుకే.

ఖరగపురమునకు తెలుగు రైలెక్కి వచ్చినది. 19వ శతాబ్ది చివరి సంవత్సరములలో బెజవాడనుండి తూర్పు తీరమువెంట వేసిన మార్గము బెంగాల్ నాగపూర్ రైల్వేతో కలిసినది. అంతట శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములే కదలివచ్చినవి. 1927లో ఇచట జరిగిన రైల్వే సమ్మెకు నాయకత్వము వహించిన వి. వి. గిరిగారు తెలుగువారే, అనంతరకాలమున, 1969లో, రాష్ట్రపతి పదవి నలంకరించిరి. మధురాకటి, నిమ్‌పురా వాడలలో ఇప్పటికిని వినవచ్చు తెలుగు ఆ కుటుంబములు మోసికొనివచ్చినదే.

ఇచట ఒక చిత్రము గమనింపదగియున్నది. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున మొదటిసారి ప్రదర్శింపబడినది. అందలి మాట ఆ ప్రాంతపు మాట. కావున ఖరగపురపు నటుడు మధురవాణి వాకిటికి వచ్చిన కరటకశాస్త్రిగా నిలువవలెనన్న, యాసను అరువు తెచ్చుకొననక్కరలేదు. వాని నాయనమ్మ నోటనే అది యున్నది. కృష్ణా, గుంటూరు మండలముల నటులకు సైతము లేని సౌకర్యమిది. అయినను ప్రవాసాంధ్రులు నాటకమనగానే పద్యమునకే పరుగెత్తుదురు. శ్రీకృష్ణుడు హార్మోనియము పక్క నిలిచి రాగము సాగదీయవలెను, జనము ‘వన్సుమోరు’ అని కేకవేయవలెను. పెద్దల ముచ్చటను కాదనరాదు గాని, ఇంటిలోని బంగారమును మరచి పొరుగింట నగలు అడిగినట్లున్నది.

రైల్వే ఊరిలో అభ్యాసమన్నది వేరొక నాటకము. కర్మాగారపు కూత ఒకరిని పిలుచును, కాల్‌బాయ్ మరియొకరిని పిలిచెడివాడు. రాయబారమునకు కృష్ణుడు సిద్ధముగా నుండగా దుర్యోధనుడు గూడ్సుబండితో టాటానగరు వెళ్ళియుండును! అందుచేత ఒక్కొక్కరు రెండేసి పాత్రలు వల్లించుట అలవాటైనది. ప్రాంప్టరు మాత్రము అన్ని పాత్రలు ఎరిగినవాడు కావలెను.

వంగదేశపు గాలి తగులకుండునా? 1872లో కలకత్తాలో టిక్కెట్టు పెట్టి ‘నీలదర్పణము’ ప్రదర్శించిన నాటినుండి ఈ దేశమున నాటకము వాడవాడల ముచ్చట. ద్విజేంద్రలాల్ రాయ్ నాటకములు తెలుగులోనికి అనువదింపబడి ఆంధ్రదేశమందలి రంగస్థలములపై ఆడినవి. ‘షాజహాన్’ను రెండు భాషలలోను విని పోల్చగల ప్రేక్షకుడు ఖరగపురమున దొరకినట్లు మరియొకచోట దొరకుట అరుదు.

ఇక కష్టమైన మాట. మూడవ, నాల్గవ తరము పిల్లలలో అనేకులకు తెలుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. బడిలో వంగము, హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఇంటి గడప దాటదు. పాత్రను వంగలిపిలోనో ఇంగ్లీషు అక్షరములలోనో వ్రాసికొని వల్లించుటయే వారికి గతి. ఇంగ్లీషు అక్షరములలో ళకార లకారములు ఒకటియగును. వంగలిపిలో ఏకారమునకు హ్రస్వదీర్ఘ భేదమే లేదు. ‘కళ’కును ‘కల’కును, ‘మెడ’కును ‘మేడ’కును తేడా చెప్పువారు పక్కనుండవలెను. వచనమున ఇది ఎట్లో సర్దుకొనును. పద్యమున గురువు లఘువైనచో గణమే చెడును. ఇది తెలుగు నాటకమా అని వెక్కిరించువారు కలరు. వారి వెక్కిరింత న్యాయము కాదు. చదువరాని భాషలో రెండు గంటలసేపు నిలిచి మాటలాడుటకు చదివినవానికంటె ఎక్కువ సాహసము కావలెను.

2020 డిసెంబరులో పశ్చిమ వంగ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసంగ నిర్ణయించినది. సంతోషించవలసినదే. కాని ఆ నిర్ణయము తనంతట తాను పిల్లవానికి ఒత్తులు నేర్పదు. నాటకము నేర్పగలదు, ఏలయన తన పాత్రపై వానికి మమకారము. ఉత్సవమునకు మూడు మాసములు ముందుగా పాత్రలు పంచి, మొదటి మాసమంతయు అక్షరములకు కేటాయించిన, పాత్ర ప్రతిని తెలుగులోనే వానిచేత వ్రాయించిన, ఎంత నెమ్మదిగా సాగినను ఫలితముండును.

ఉత్సవ నిర్వాహకులు మరియొకటి ఆలోచింపవలెను. ఆంధ్రదేశమునుండి పేరుగల సమాజమును రప్పించిన మైదానము నిండును, నిజమే. దారిబత్తెములకు, తెరలకు, హార్మోనిస్టుకు చందాలన్నియు సరిపోవును. మరునాడు ఆ సమాజము రైలెక్కి వెళ్ళిపోవును. ఆ సొమ్ములో సగము పెట్టి స్థానికులచేత ‘కన్యాశుల్కము’నందలి నాలుగు రంగములు ఆడించవచ్చును. పూర్తి నాటకమునకు ఒక రాత్రి చాలదు, రాత్రి డ్యూటీవారు అంతసేపు కూర్చుండలేరు. తొమ్మిది గంటలకు ముగియునట్లు ఆరు గంటలకే తెర తీసిన, వారును చూచి పనికి పోగలరు.