వెలుగును వడగట్టే కిటికీ



వెల్డింగు జరిగే చోట కళ్లకు అడ్డం లేకుండా ఆ వెలుగు వంక చూచినవారికి అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడచిన పిమ్మట మాత్రం కంట్లో ఇసుక పోసినట్లు మంట, ఎడతెగని నీరు. ఒకటి రెండు దినాలలో సాధారణంగా అది తగ్గిపోతుంది. ఆ దెబ్బ తిన్నది నల్లగుడ్డుకు ముందు, గడియారపు అద్దం వలె అమరి ఉన్న కార్నియా.

దాని మందం నడిమి భాగాన సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు లేవు. మన కంటికి కనిపించే వెలుగును అది చాలావరకు లోనికి పోనిస్తుంది. కాని కనబడని అతినీలలోహిత కిరణాల విషయంలో దాని ధోరణి వేరు. 290 నానోమీటర్లకు లోపు తరంగదైర్ఘ్యం గల కిరణాలను దాదాపు అన్నింటినీ తానే మ్రింగివేస్తుంది. అంతకు మించినవాటిలో కొంత తాను ఆపగా, మిగిలినదానిలో అధిక భాగాన్ని వెనుకనున్న కటకం ఆపుతుంది. కార్నియా పై పొర కణాలలోని ప్రోటీనులకు, విటమిన్ సి కి ఈ పనిలో ముఖ్య పాత్ర ఉన్నది. కనుక కార్నియా కిటికీయే కాదు, జల్లెడ కూడా.

దాతలిచ్చే కార్నియాలు అవసరానికి చాలవు. అందువల్లనే ప్రయోగశాలలో వాటిని నిర్మించే యత్నం. కార్నియా పలుచబడి ముందుకు పొడుచుకొని వచ్చే వ్యాధి గల 20 మందికి భారతదేశంలోను, ఇరాన్‌లోను అమర్చిన పొరల ఫలితాలను స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రకటించారు. ఆ పొర పందిచర్మం నుంచి తీసిన కొలాజెన్‌తో చేసినది. విచిత్రమేమంటే, దానిని గట్టిపరచడానికి రైబోఫ్లేవిన్‌తో పాటు వాడినది అతినీలలోహిత కాంతినే! శత్రువు చేతనే కోట కట్టించినట్లయినది. ఆ ఏడే హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐ.ఐ.టి., సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు త్రీడీ ముద్రణతో కార్నియాను నిర్మించి, కుందేలు కంట అమర్చి చూచారు.

అయితే సూర్యకాంతిలో మనలను చేరే అతినీలలోహిత కిరణాలను ఆపే శక్తి వట్టి కొలాజెన్‌కు స్వల్పం. ఆ 20 మందికి సొంత కార్నియాను తొలగించక, చిన్న గాటుతో దాని నడుమనే కొత్త పొరను దూర్చారు. సొంత పై పొర, దానితో పాటు జల్లెడ, నిలిచాయి. కార్నియానంతటినీ మార్చవలసి వచ్చిననాడు ఆ సౌకర్యం ఉండదు. కొత్త పొరపై రోగి జీవకణాలు వచ్చి పరచుకోవాలి. లేదా ఆ గుణాన్ని పొరకే అబ్బజేయాలి. లేనిచో చూపు వచ్చినా, కటకంపై భారం పెరుగుతుంది.

కనుక కృత్రిమ కార్నియాను చూచి, ఎంత నిర్మలంగా ఉన్నదని మాత్రమే కాక, దేనిని ఆపుతున్నదని కూడా అడగాలి. పుట్టుకతో వచ్చిన జల్లెడ ఉన్నవారు మాత్రం వెల్డింగు వెలుగు ముందు నల్ల అద్దపు ముసుగు మరువరాదు.