డాల్డా డబ్బాలో పిడికెడు బియ్యం



రాత్రి వంటిల్లు సర్దుకుని, పాలు తోడువేసి, దీపం ఆర్పే ముందు మనలో చాలామంది మనసులో ఒక లెక్క వేసుకుంటాం. కందిపప్పు అడుగంటింది, పెద్దవాడి ఫీజు కట్టాలి, పాలవాడికి బాకీ ఉంది. ఇదంతా లేనివాటి లెక్క. ఉన్నవాటి లెక్క వేసుకుని పడుకునేవాళ్ళు ఎంతమంది చెప్పండి? ఇల్లు గడవాలంటే లేనివే ముందు గుర్తుకు రావాలి. అది మన తప్పు కాదు. కానీ ఆ ఒక్క లెక్కే మిగిలిపోతే మనసు ఎండిపోతుంది.

మా వంటి క్రైస్తవ కుటుంబాల్లో అన్నం ముందు కూర్చోగానే దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడం ఆనవాయితీ. చిన్నప్పటినుంచీ నేనూ చెప్పాను, అన్నం చల్లారిపోతుందని గబగబా. ఆ మాటకు అర్థం తెలిసింది మాత్రం పెళ్ళై, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, 1987లో. చెప్పినవారు మా అత్తగారు. ఊరు చిలకలూరిపేట. ఇప్పుడు పల్నాడు జిల్లా, అప్పుడు గుంటూరు జిల్లా.

మా వంటింట్లో బియ్యం డ్రమ్ము పక్కన ఒక డాల్డా డబ్బా ఉండేది. ఎసట్లోకి కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేయాలి. రోజుకు రెండు పూటలా అంతే. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్ళేవి. అక్కడినుంచి దిక్కులేని ముసలివాళ్ళకూ, మంచాన పడ్డవాళ్ళకూ చేరేవి. పిడికెడు బియ్యం తీసిపెట్టడం మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఉన్న అలవాటే. మా పక్కింటి పిన్నిగారు కోటప్పకొండ తిరునాళ్ళకని ముడుపు కట్టేవారు. ఆవిడ ముడుపూ, మా అత్తగారి డబ్బా ఒకలాంటివే అనిపించేవి నాకు. మనకు అందినదాంట్లో మొదటి పాలు మనది కాదని చేత్తో ఒప్పుకోవడమే కదా రెండూ!

ఆ ఏడు మా వారు, బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూనే, ఆరెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేశారు. మా ప్రాంతమంతా నల్లరేగడి. మిరప, పొగాకు, పత్తి. అంతకు ముందు పత్తి బాగా పండి మేడలు కట్టినవాళ్ళను చూశాం. మా వారూ ఆశపడ్డారు, నేనూ ఆశపడ్డాను. రెండు గదుల ఇల్లు నా కళ్ళముందే ఉండేది.

1987-88 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలను తెల్లదోమ పట్టింది. కొత్తగా వచ్చిన ఘాటు మందులు కాయతొలిచే పురుగు కోసం కొట్టేకొద్దీ, దోమను తినే మంచి పురుగులు కూడా చచ్చి, దోమ ఇంకా పెరిగింది. ఆకు అడుగున చేరి రసం పీల్చేది. తేనెలాంటి బంక కారేది. ఆ బంక మీద మసి పట్టి చేనంతా కుంపట్లో కాల్చినట్టు నల్లబడేది. ఇరవైసార్లకు పైగా మందు కొట్టినవాళ్ళున్నారు. మందు అరువు, కౌలు అప్పు, అప్పు మీద వడ్డీ. పంట మాత్రం లేదు. ఆ రెండు జిల్లాల్లో ఎందరో రైతులు పురుగుకు కొట్టవలసిన మందు తామే తాగారు.

మా ఇంట్లో జీతం వడ్డీకి పోయేది. ఒక సాయంత్రం డ్రమ్ములో బియ్యం కొలిస్తే అయిదుగురికి చాలవు. డబ్బా వైపు చూశాను. పిడికెడు వేయలేదు సరికదా, అందులోవి తీసి ఎసట్లో పోశాను. అలా మూడు రోజులు.

ఆదివారం పొద్దున అత్తగారు డబ్బా ఎత్తి చూశారు.

"అమ్మాయ్, డబ్బా తేలిగ్గా ఉందేం?" అన్నారు.

"నేనే తీశాను అత్తయ్యా. ఆయన మనకేమిచ్చాడని ఆయనకివ్వాలి?" అన్నాను. కోపం, సిగ్గు రెండూ ఉన్నాయి ఆ మాటలో.

తిడతారనుకున్నాను. ఆవిడ డబ్బా కింద పెట్టి, "అవి లేనివాళ్ళ బియ్యం. ఈ వారం లేనివాళ్ళం మనమే. తిన్నాం. అందులో తప్పేముంది? రేపటినుంచి మళ్ళీ వేద్దాం. పిడికెడు కాకపోతే మూడు వేళ్ళకు వచ్చినన్ని," అన్నారు.

ఇన్నేళ్ళూ ఇచ్చేవాళ్ళమని గొప్పగా ఉండేది నాకు. పుచ్చుకునేవాళ్ళం కూడా మనమేనని ఆ రోజు తెలిసింది. కృతజ్ఞతకు మొదటి మెట్టు అదేనేమో.

ఆ నెలలోనే పక్క ఊళ్ళో ఒకాయన మందు తాగి చనిపోయాడు. అత్తగారు డబ్బాలో ఉన్న కాసిని బియ్యం మూటకట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. పరామర్శకు వచ్చినవాళ్ళలో ఎవరో, "అంతా దేవుని చిత్తం. పిల్లలైనా మిగిలారు, స్తోత్రం చెప్పుకో," అన్నారు. ఆ ఇల్లాలు గోడవైపు తిరిగిపోయింది. మా అత్తగారు ఒక్క మాటా అనలేదు. అంట్లు తోమి, పొయ్యి వెలిగించి, పిల్లలకు జావ కాచి, సాయంత్రం దాకా ఆమె పక్కన కూర్చున్నారు.

తిరిగి వస్తూ దారిలో అన్నారు: "స్తోత్రమనేది మన దేవుడికి మనం చెప్పుకోవలసింది. ఏడ్చేవాళ్ళ చేత చెప్పించేది కాదు."

బైబిలులో నయోమి అనే అత్తగారి కథ ఉంది. భర్తనూ, ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని సొంత ఊరు చేరిన ఆవిడ, నా బతుకు చేదైపోయింది, నన్ను పాత పేరుతో పిలవకండని ఊరి ఆడవాళ్ళతో అంటుంది. ఆ మాట అన్నందుకు ఆమెను తప్పుపట్టినట్టు ఆ కథలో ఎక్కడా లేదు. కోడలు రూతు ఆమెకు నీతులు చెప్పలేదు. పొలానికి వెళ్ళి పరిగె ఏరుకొచ్చి అత్తకు అన్నం పెట్టింది. ఆ ఇంటికి ఆశ మళ్ళీ వచ్చింది పరిగె గింజల రూపంలోనే.

అత్తగారిది ఒంగోలు వైపు. వాళ్ళ అమ్మమ్మ చిన్నతనంలో 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చింది. అక్కడి మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. కానీ కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు, గంజి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని. ఆ పైన 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంగతి చెబుతూ అత్తగారు, "అన్నం అన్నమే, నమ్మకం నమ్మకమే. పంట పండితే నమ్ముతాను, ఎండితే మానేస్తానంటే అది బేరం," అనేవారు.

ఆవిడ నమ్మకం వట్టి మాటలతో ఆగలేదు. మా వారు రాత్రుళ్ళు నిద్రపోక వసారాలో కూర్చునేవారు. అది కనిపెట్టి, ఇంట్లో మిగిలిన మందు డబ్బాలన్నీ కొట్టుకు తిరిగి పంపించేశారు. రోజూ రాత్రి బైబిలు ఆయన చేతికే ఇచ్చి, "నాకు చూపు ఆనడం లేదు, నువ్వే పైకి చదువు," అనేవారు. చూపు బాగానే ఆనేది! పైకి చదివే మనిషి లోపల ఒక్కడే కూర్చోలేడని ఆవిడ ఉద్దేశం. పడుకోబోయే ముందు, "రేపు చిన్నదాన్ని నువ్వే బళ్ళో దించాలి," అని ఒక పని అప్పగించేవారు. రేపు అనేది ఒకటుందని గుర్తుచేయడమన్నమాట. క్రైస్తవ నిరీక్షణ అని పెద్ద మాట వాడతాం కదా, నేను దాన్ని కళ్ళారా చూసింది ఆ వసారాలోనే. వచ్చే ఏడు పత్తి బాగా పండుతుందని ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. పండకపోయినా దేవుడు చెయ్యి వదలడు, మనమూ వదలం అన్నారు.

నా గాజులు అమ్మాం. కౌలు మానేశాం. అప్పు తీరడానికి ఆరేళ్ళు పట్టింది. మనిషి మాత్రం మాకు మిగిలాడు.

సోదరీమణులారా, ఈ అనుభవంలోంచి రెండు మూడు మాటలు మీతో పంచుకుంటాను. కృతజ్ఞత చెప్పుకునేటప్పుడు పేరుపేరునా చెప్పుకోండి. మన కూరలో కారం వెనుక ఎండలో మిరపకాయలు కోసిన ఆడకూలీల మంటెక్కిన చేతులున్నాయి. వాళ్ళను తలుచుకున్నాక బేరమాడే నోరు కాస్త మెత్తబడుతుంది. కష్టంలో ఉన్నవారిని, దెబ్బలు తింటున్నవారిని మాత్రం "ఉన్నదానికి తృప్తిపడు" అని నోరు మూయించకండి. అది భక్తి కాదు. ఇంట్లో ఎవరైనా మాటామంతీ తగ్గించి, నిద్రమాని కూర్చుంటే ప్రార్థన చేయండి, పలకరించండి, డాక్టరుకూ చూపించండి. ఆ రోజుల్లో మాకు లేని ఆసరా ఇప్పుడుంది. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన 14416 నంబరుకు ఫోను చేస్తే మనసు బాధకు ఉచితంగా సలహా చెబుతారు, తెలుగులోనే.

మా అత్తగారు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. డాల్డా డబ్బా తుప్పుపట్టి పోయింది. ఇప్పుడు స్టీలు డబ్బా. మొన్న మా మనవరాలు తన చిన్న పిడికిట్లో బియ్యం పట్టి, "ఇన్ని చాలా నాయనమ్మా?" అని అడిగింది.

"నీ పిడికిట్లో పట్టినన్ని చాలమ్మా," అన్నాను.

సెలవు.