తెల్లబట్టకు మందు ఎవరెవరికి?

(ఏలూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొల్లేరు లంక గ్రామాల్లో తెల్లబట్ట గురించి అడిగితే, "చేపల పనోళ్ళం, నీచు వాసన రాకుండా ఎలా ఉంటాదమ్మా" అన్నారు. ఆ వాసన అందరికీ చేపలదే కాదు. బాక్టీరియల్ వజైనోసిస్ అనే జబ్బుకు అది ముఖ్య లక్షణం. పాలను తోడుపెట్టే జాతికి చెందిన మేలుచేసే బాక్టీరియా యోనిలో తగ్గి, వేరే రకాలు పెరిగితే ఇది వస్తుంది. అశుభ్రత వల్ల కాదు. లోపల సబ్బుతో కడిగితే ఇంకా చెడుతుంది. దురదతో పెరుగు ముక్కల్లా అవుతుంటే అది ఫంగస్ కావచ్చు, దానికి ఈ జబ్బు మందులు పనిచేయవు.

చవకైనది మెట్రోనిడజోల్: 400 మి.గ్రా. మాత్ర రోజుకు రెండుసార్లు, 7 రోజులు. అదే మందు 2 గ్రాములు ఒకేసారి మింగిస్తే తక్కువమందికే నయమవుతుంది. క్లిండామైసిన్ క్రీము దాదాపు అంతే పనిచేస్తుంది గానీ కండోమ్‌ను బలహీనపరుస్తుంది. శరీరంలో ఎక్కువసేపు నిలిచే సెక్నిడజోల్ 2 గ్రాములు ఒక్క మోతాదు చాలు. కూలికెళ్ళే మనిషికి అదొక సుఖం. అయితే ప్రభుత్వ ఆసుపత్రుల ఆకుపచ్చ కిట్‌లో దాన్ని ఫంగస్ మందుతో కలిపి, పరీక్ష లేకుండానే చేతిలో పెట్టిన పద్ధతి నాకు నచ్చదు.

ఏ మందు వాడినా ఏడాదిలో సగానికి పైగా స్త్రీలకు తిరగబెడుతుంది. తప్పు ఆమె శుభ్రతదే అన్నారు ఇన్నాళ్ళూ. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ఫలితాలు చూడండి. స్త్రీలకు మాత్రమే మందిస్తే 12 వారాల్లో 63 శాతం మందికి తిరగబెట్టింది. మగవాడికి కూడా 7 రోజులు మెట్రోనిడజోల్ మాత్రలు, పైన రాసుకోవడానికి క్లిండామైసిన్ క్రీము ఇస్తే 35 శాతమే. అంతకుముందు మగవాళ్ళకు మాత్రలు మాత్రమే ఇచ్చి, లాభం లేదని తేల్చేశారు!

తాడేపల్లిగూడెంలో నేను కలిసిన ఒకామెకు ముప్పై ఏళ్ళు. తెల్లబట్ట తగ్గకపోతే క్యాన్సరవుతుందని భయపెట్టి, ఒక నర్సింగ్‌హోమ్‌లో గర్భసంచి తీసేశారు. జబ్బున్నది యోనిలో, తీసింది గర్భసంచి. వాసన పోలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మీ ఆయనకు మందిచ్చారా అని అడిగితే, "ఆయనకేం రోగం?" అంది.

ఆసుపత్రికి తోడు వెళ్ళినప్పుడు పరీక్ష చేయమనండి, భర్తకూ మందు చీటీ అడగండి. "నీకెవడంటించాడు" అని చెయ్యెత్తే మగవాడికి ఈ సంగతి ఎవరు, ఎలా చెప్పాలి? దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. మధ్యాహ్నం చర్చలో మీ అనుభవాలు చెప్పండి.