పల్లెకు వచ్చిన చిత్రశాల

కూటికి చాలని పల్లెకు చిత్రపటములేల యని యడుగువారు కలరు. స్పెయిన్ దేశ చరిత్ర దీనికి సమాధానము చెప్పుచున్నది. అచట 1931లో నూతన గణతంత్ర ప్రభుత్వము కొసీయో పండితుని యధ్యక్షతన నొక సంఘమును నియమించి, సర్కారు సొమ్ముతో మారుమూల గ్రామములకు గ్రంథాలయములను, సంచార చిత్రశాలను పంపెను. మాడ్రిడ్ నగరమందలి ప్రాడో చిత్రశాలలోని వెలాస్కెజ్, గోయా ప్రభృతుల కృతులకు యువచిత్రకారులు వ్రాసిన ప్రతులు లారీలపై వచ్చి, బడిగోడల నలంకరించి, చదువురానివారికిని కనువిందు చేసెను. 1934లో సనాబ్రియా ప్రాంతపు దారిద్ర్యమును గాంచి, ఆ సంఘమువారు ఆహారమును, ఔషధములను గూడ కొనిపోయిరి. అన్నము ముందని యొప్పుకొనిరే గాని చిత్రము వలదనలేదు. 1936లో అంతర్యుద్ధము చెలరేగి ఆ కార్యము కుంటుపడినది.

రాజధానిలోని చిత్రశాల వ్యయమున పల్లెవాని పన్నును గలదు. కావున చిత్రములను పల్లెకు పంపుట దానము గాదు, బాకీ తీర్చుట. పుస్తకములకు గది కట్టుకొన్న యూరు చిత్రములకొక గోడ చూపజాలదా?