‘తిరిగి చెల్లించండి’ అన్న తాఖీదు వచ్చినప్పుడు
(హక్కుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాకు అప్పగించిన విషయం పైకి చిన్నదిగా కనబడుతుంది. ప్రభుత్వం తానే లెక్కగట్టి, తానే మంజూరు చేసి, తానే ఖాతాలో వేసిన సొమ్మును కొన్నేళ్ల తరువాత ‘పొరపాటున అధికంగా చెల్లించాము, తిరిగి కట్టండి’ అని అడుగుతుంది. ఆ సొమ్ము అప్పటికే బియ్యానికో, మందులకో, పిల్ల పెళ్లికో ఖర్చయిపోయి ఉంటుంది. 2024 జూలైలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఎనభై ఏళ్ల వృద్ధురాలిని ఆసరా పింఛను కింద అందుకున్న సుమారు లక్షా డెబ్భై వేల రూపాయలు తిరిగి చెల్లించమన్న వార్త మనమందరం చదివాము. ఆమె మన సముదాయానికి చెందినవారు కారు. కాని అటువంటి కాగితం రేపు మన వీధిలోని ఏ బేవా తలుపు కిందనుంచైనా లోపలికి రావచ్చు.

కాగితం రాగానే మన కుటుంబాలలో జరిగేది మాకు తెలుసు. ముందు భయం, ఆ తరువాత పరువు. ‘నలుగురికీ తెలియకముందే కట్టేద్దాం’ అని నగలు కుదువ పెట్టేవారున్నారు. వీటికి మించినది మరొకటి ఉన్నది. మనవారిలో భక్తిపరులైన వృద్ధులు, ‘ఒకవేళ అది మనది కాని సొమ్మేమో, హరామేమో, ఖర్జు మోసుకొని సమాధికి పోవడమెందుకు’ అని తలవంచుతారు. ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. ఆ మనస్సు గౌరవించదగినది. అయితే అప్పు పట్ల అంత శ్రద్ధ చూపిన మన ధర్మమే అప్పును కాగితంపై పెట్టమని అల్ బఖరా సూరా 282వ ఆయత్‌లో ఆదేశించింది. దావా తెచ్చినవాడే రుజువు చూపాలన్నది ఇస్లామీయ న్యాయశాస్త్రంలో సుప్రసిద్ధ సూత్రం. లెక్క చూపమని అడగడం ఎగవేత కాదు. లెక్క తేలాక నిజంగా బాకీ ఉంటే అది వేరే మాట.

ఇక చట్టం సంగతి. ఈ విషయంలో అత్యున్నత న్యాయస్థానం 2014 డిసెంబరు 18న ఇచ్చిన తీర్పు మన చేతిలోని ప్రధానమైన ఆధారం. పంజాబ్ ప్రభుత్వానికీ రఫీక్ మసీహ్‌కూ మధ్య నడిచిన వ్యాజ్యమది. ఆ వ్యాజ్యం శీర్షికలోనే అతని పని కూడా ఉన్నది: గోడలకు సున్నం వేసేవాడు. దేశమంతటా ఉద్యోగులు నేడు చెప్పుకునే తీర్పు ఒక సున్నపు పనివాని పేరుమీద ఉన్నదని మనం గుర్తుంచుకోవాలి.

అందులో న్యాయమూర్తులు అధిక చెల్లింపును తిరిగి రాబట్టరాని సందర్భాలను ఐదింటిని చెప్పారు. మూడవ, నాలుగవ తరగతి ఉద్యోగులనుంచి వసూలు చేయరాదు. పదవీ విరమణ చేసినవారినుంచీ, వసూలు ఉత్తర్వు నాటికి ఏడాదిలోగా విరమించబోయేవారినుంచీ వసూలు చేయరాదు. అధిక చెల్లింపు ఆ ఉత్తర్వుకు ముందు ఐదేళ్లకు మించి సాగి ఉంటే వసూలు చేయరాదు. నియమానికి విరుద్ధంగా పై హోదా పని చేయించుకొని దానికి తగిన జీతమిచ్చి, ఆపై దానిని వెనక్కు అడగరాదు. ఇక, వసూలు చేయడం యజమాని హక్కుకు మించిన కాఠిన్యమో అన్యాయమో అవుతుందని న్యాయస్థానం భావించిన ఏ సందర్భంలోనైనా సరే వసూలు చేయరాదు. ఉర్దూ పాఠశాలలో అటెండరుగా చేసి విరమించిన వ్యక్తి గ్రాట్యుటీలోనుంచి ‘వేతన స్థిరీకరణలో పొరపాటు’ పేరిట రెండు లక్షలు కోశారనుకుందాం. అతనికి మొదటి రెండు సందర్భాలూ ఒకేసారి వర్తిస్తాయి.

ఉపాధ్యాయులకు ఇంకా రెండు తీర్పులు పనికివస్తాయి. సయ్యద్ అబ్దుల్ ఖాదిర్, బీహార్ ప్రభుత్వం వ్యాజ్యంలో 2008 డిసెంబరులో, ఉపాధ్యాయులు మోసగించలేదు గనుకా, పొరపాటు ప్రభుత్వానిదే గనుకా వసూలు కూడదన్నారు. కేరళ ఉపాధ్యాయుడు థామస్ డేనియల్ వ్యాజ్యంలో 2022 మే 2న అదే మాట మళ్లీ చెప్పారు. ఆ ధర్మాసనంలోని జస్టిస్ అబ్దుల్ నజీర్ మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు.

ఎదుటిపక్షం ఏమి చూపుతుందో కూడా తెలిసి ఉండాలి. 2012 నాటి చండీ ప్రసాద్ ఉనియాల్ తీర్పు ప్రజాధనాన్ని మోసం లేకపోయినా రాబట్టవచ్చునన్నది. 2016 నాటి జగ్‌దేవ్ సింగ్ తీర్పు, ‘అధికంగా వస్తే తిరిగి కడతాను’ అని ముందే హామీపత్రం రాసి ఇచ్చినవారు ఆ మాటకు కట్టుబడాలన్నది. కాబట్టి మీ సర్వీసు రిజిస్టరులోనో, వేతన సవరణ ఎంపిక పత్రంలోనో అటువంటి హామీ ఉన్నదేమో ముందు చూసుకోండి. చదవకుండా సంతకం పెట్టే అలవాటు మనకు చాలా నష్టం చేసింది.

మరొక మాట దాచరాదు. రఫీక్ మసీహ్ తీర్పు నేరుగా ఉద్యోగుల జీతభత్యాలకు సంబంధించినది. ఆసరా వంటి సంక్షేమ పింఛనుకు అది యథాతథంగా వర్తిస్తుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేము. అక్కడ మన వాదం సహజన్యాయంపై నిలుస్తుంది: కారణం చెప్పకుండా, జవాబు వినకుండా ఎవరిమీదా భారం మోపరాదు. దరఖాస్తులో నిజం దాచామా లేదా అన్నదే అక్కడ ప్రాణం వంటి ప్రశ్న. భర్త ఉద్యోగ కుటుంబ పింఛను వస్తున్నదని చెప్పినా పేరు చేర్చిన అధికారి తప్పు ఆ వితంతువుది కాదు.

మన ముస్లిం కుటుంబాల విషయంలో దీనికి ఇంకొక చిక్కు తోడవుతుంది. ఒకే మండలంలో షేక్ మస్తాన్‌బీలు ఎందరో. ఒక కార్డుపై షేక్, మరొకదానిపై షైక్, ఇంకొకదానిపై ఇంటిపేరే లేదు. జాబితాలను యంత్రాలు సరిపోల్చే రోజులలో ఇద్దరు మనుషులు ఒకరిగానూ, ఒక మనిషి ఇద్దరుగానూ కనబడే అవకాశం ఉన్నది. ఇది ఊహామాత్రమని కొందరంటారు. నెదర్లాండ్స్‌లో జరిగినది చూడండి.

అక్కడ పిల్లల సంరక్షణకు తల్లిదండ్రులకు ప్రభుత్వం భత్యమిస్తుంది. ఒక సంతకం లేకపోయినా, చిన్న కాగితం తక్కువైనా పన్నుల శాఖ వారిని మోసగాండ్లుగా జమకట్టి, ఇచ్చిన భత్యమంతా కట్టమన్నది. కొందరికి అది వేల యూరోలు, కొందరికి పదుల వేలు. బాధితుల సంఖ్య ఇరవై ఆరు వేల వరకు చెబుతారు. వారిలో మొరాకో, తుర్కియే మూలాల కుటుంబాలు అనేకం. జాతీయతను అనుమాన సూచికగా వాడారని తరువాత బయటపడింది, ద్వంద్వ జాతీయత వివరాలను చట్టవిరుద్ధంగా ఉపయోగించారని ఆ దేశ సమాచార రక్షణ సంస్థ 2020లో తేల్చింది. ఇండ్లు పోయాయి, కాపురాలు విరిగాయి. తమ దస్త్రం చూపమన్న తల్లిదండ్రులకు నల్లసిరా పూసిన పుటలు పంపారు! అయినా వారు అడగడం మానలేదు. 2019 అక్టోబరులో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తన పాత వైఖరిని మార్చుకున్నది. 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుట్టే మంత్రివర్గం రాజీనామా చేసింది. ఒక్కొక్క కుటుంబానికి కనీసం ముప్పై వేల యూరోల పరిహారం ప్రకటించారు. ఆ ఉద్యమాన్ని నడిపినవారు గొప్ప నాయకులు కారు, నోటీసులను పారవేయకుండా దాచిపెట్టుకున్న తల్లులు, వారి వెంట నిలిచిన కొద్దిమంది న్యాయవాదులు, పాత్రికేయులు.

అందుచేత తాఖీదు వస్తే ముందుగా చేయవలసినది నెలవారీ వాయిదాలకు ఒప్పుకొని సంతకం పెట్టకుండా ఉండటం. ఒప్పుకోలు పత్రం తరువాత మన వాదాన్ని బలహీనపరుస్తుంది. గడువులోగా లిఖితపూర్వకంగా ఆక్షేపణ ఇచ్చి, ప్రతిపై కార్యాలయం ముద్ర వేయించుకోండి, లేదా రసీదుతో తపాలాలో పంపండి. ఏ నెలనుంచి ఏ నెల వరకు, ఏ ఉత్తర్వు ప్రకారం, ఎంత అధికమో లెక్క అడగండి. ఇవ్వకుంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజులలో జవాబు రావాలి, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. ఉద్యోగుల వ్యాజ్యాలకు ఒకప్పుడు ఉన్న పరిపాలనా ట్రిబ్యునల్ రెండు రాష్ట్రాలలోనూ రద్దయినది గనుక ఇప్పుడు హైకోర్టుకే పోవాలి. ఖర్చుకు భయపడనవసరం లేదు. న్యాయసేవల చట్టం కింద ముస్లిం అన్న కారణంగా ఉచిత న్యాయవాది దొరకరు గాని, స్త్రీ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా దొరుకుతారు. దివ్యాంగులకూ అంతే. ఇది మన వితంతువులలో చాలామందికి తెలియదు, మసీదు కమిటీలు జుమా తరువాత ఒక్క నిమిషం ఈ మాట చెప్పినా ఎంతో మేలు.

సభానంతరం వెనుకవైపు బల్లవద్ద మన న్యాయవాద మిత్రులు కూర్చుంటారు. తాఖీదులున్నవారు దానితో పాటు అది వచ్చిన కవరు కూడా చూపండి. తపాలా ముద్రమీది తేదీనుంచే మీ గడువు లెక్క మొదలుపెడతాము.